వారాంతపు విజేతలు: ఫిజీ సెవెన్స్ జట్టు రికార్డును ఎలా చదవాలి

ఫిజీ రగ్బీ సెవెన్స్ జట్టు గురించి మన పత్రికల్లో నాలుగేళ్లకొకసారి, ఒలింపిక్స్ రోజుల్లో మాత్రమే, ఆటల పేజీ అడుగున ఒక చిన్న వార్త కనిపిస్తుంది. పసిఫిక్ దీవుల వాళ్లకు ఈ ఆట పుట్టుకతోనే అబ్బిందని, బంతి చేతికందితే చాలు వాళ్లను ఆపగలవారు లేరని ఆ వార్తలో దాదాపు ప్రతిసారీ ఉంటుంది. వినడానికి ఈ మాట ఇంపుగానే ఉంటుంది గాని, ఆ జట్టు 1977 నుంచి ఇప్పటి వరకు గెలిచినవీ ఓడినవీ వరుసగా పెట్టుకుని చూస్తే నిలబడదు. పుట్టుకతో వచ్చిన విద్యే అయితే అది ఏటా ఒకే తీరున ఫలించాలి. ఫిజీ రికార్డులో మాత్రం కొన్నేళ్లు వరుసగా ట్రోఫీలు, ఆ వెంటనే కొన్నేళ్లు చెప్పుకోదగ్గదేమీ లేకపోవడం, మళ్లీ ఉన్నట్టుండి ఒక వెలుగు కనిపిస్తాయి. ఆ ఎగుడుదిగుళ్లకు కారణాలున్నాయి. వాటిని వెతుక్కుంటూ పోతే ప్రతిభ కన్నా క్రమశిక్షణ, డబ్బు, శిక్షకుడి పట్టుదల అనే మూడు విషయాలే ఎక్కువగా ఎదురవుతాయన్నది నా అభిప్రాయం.

ఆట తెలియని వాళ్ల కోసం నియమాలు క్లుప్తంగా చెబుతాను. పదిహేను మంది ఆడే మామూలు రగ్బీకి ఎంత మైదానం ఉంటుందో సెవెన్స్‌కూ అంతే, అంటే సుమారు 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు. కాని అందులో జట్టుకు ఏడుగురే ఆడతారు. ఏడేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో మాత్రమే అందించాలి. ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనిస్తే అది ట్రై, దానికి 5 పాయింట్లు. ఆ తర్వాత బంతిని నేల మీద పడేసి, అది పైకి లేస్తుండగా తన్ని గోల్ స్తంభాల మధ్యగా పంపితే మరో 2. పసుపు కార్డు చూసినవాడు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, పద్నాలుగు నిమిషాల ఆటలో అది చిన్న శిక్ష కాదు. మన కబడ్డీలోనూ జట్టుకు ఏడుగురే గనుక ఒక మనిషి తగ్గితే ఎంత ఖాళీ ఏర్పడుతుందో మన పల్లెల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇంకొక నియమాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. పదిహేను మంది రగ్బీలో పాయింట్లు పోగొట్టుకున్న జట్టు బంతిని తన్ని ఆట తిరిగి మొదలుపెడుతుంది. సెవెన్స్‌లో పాయింట్లు సాధించిన జట్టే తన్నాలి. అంటే ట్రై చేసిన మరుక్షణమే బంతి ఎదుటివాళ్ల వైపు వెళ్లిపోతుంది. కనుక వరుసగా మూడు నాలుగు ట్రైలు చేసిన జట్టు కేవలం వేగంగా పరుగెత్తిందని అనుకోకూడదు. ప్రతిసారీ ఎదుటివాళ్లకు దక్కవలసిన బంతిని గాలిలోనో నేల మీదో మళ్లీ సంపాదించుకున్నదన్నమాట. టీవీలో ఆట చూసేవాళ్లు ఎక్కువగా గమనించనిది ఇదే, ఫిజీ గెలిచిన పెద్ద మ్యాచ్‌లలో నిర్ణాయకమైనదీ ఇదే.

సెవెన్స్ 1883లో స్కాట్లండులోని మెల్రోజ్ అనే చిన్న ఊళ్లో, స్థానిక క్లబ్బుకు డబ్బు కూడబెట్టడం కోసం, నెడ్ హేగ్ అనే మాంసం కొట్టు పనివాడి ఆలోచనతో పుట్టింది. ప్రపంచ కప్ ట్రోఫీకి ఇప్పటికీ మెల్రోజ్ కప్ అనే పేరు. అయితే ఈ ఆటకు అంతర్జాతీయ హోదా తెచ్చిపెట్టింది 1976లో మొదలైన హాంకాంగ్ టోర్నమెంటు. మరుసటి ఏడు, 1977లోనే ఫిజీ అక్కడ విజేతగా నిలిచింది. 1978లో మళ్లీ గెలిచింది. 1990, 1991, 1992లలో వరుసగా మూడుసార్లు, 2015 నుంచి 2019 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచింది. ప్రపంచ కప్పులు రెండు, 1997లోనూ 2005లోనూ, హాంకాంగ్‌లోనే జరిగాయి. ఆ రెండూ ఫిజీకే దక్కాయి. 1997 ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద 24-21, 2005 ఫైనల్లో న్యూజీలాండ్ మీద 29-19. ఆ నగరంతో ఈ జట్టుకు ఉన్న అనుబంధం ప్రత్యేకంగా ఒక పుస్తకానికి సరిపోతుంది. అయితే వీటి మధ్య 1993, 2001, 2009, 2013, 2018 ప్రపంచ కప్పులు కూడా ఉన్నాయని మరచిపోకూడదు. వాటిలో ఒక్కటీ ఫిజీకి రాలేదు. 2009లో దుబాయిలో క్వార్టర్ ఫైనల్‌లో కెన్యా చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది. ఆ రోజు ఫిజీ ఆటగాళ్లలో పుట్టుకతో వచ్చిన విద్య ఎక్కడికి పోయింది?

ఇక 1999-2000లో మొదలైన ప్రపంచ సిరీస్ సంగతి. ఒక వారాంతంలో ముగిసే టోర్నమెంటు వేరు, నెలల తరబడి ఖండం నుంచి ఖండానికి తిరుగుతూ ఆడి, అన్నిచోట్లా వచ్చిన పాయింట్లను కూడితే తేలే సిరీస్ వేరు. మొదటి ఆరు సిరీస్‌లూ న్యూజీలాండ్ గెలుచుకుంది. 2023 నాటికి ఆ జట్టు ఖాతాలో మొత్తం 14 సిరీస్‌లు చేరాయి. ఫిజీ గెలిచినవి నాలుగే: 2005-06, 2014-15, 2015-16, 2018-19. ప్రపంచంలో అందరూ ముచ్చటపడి చూసే జట్టుకు, టికెట్లు అమ్ముడయ్యేది తన పేరు మీదే అయిన జట్టుకు, ఇరవై అయిదేళ్లలో నాలుగు. ఫిజీని వారాంతపు విజేత అనడం నాకు ఇష్టం లేదు గాని, అంకెలు చెబుతున్నది అదే.

దీనికి ఒక కారణం భౌగోళికం. తొమ్మిది లక్షల జనాభా ఉన్న దేశం అది, మా తిరుపతి జిల్లా జనాభాలో సగం కూడా కాదు. ఎక్కడికి ఆడటానికి వెళ్లాలన్నా సముద్రం దాటి దూర ప్రయాణం. రెండో కారణం డబ్బు. ఒక ఆటగాడు హాంకాంగ్‌లోనో లండన్‌లోనో రెండు రోజులు మెరిస్తే చాలు, ఫ్రాన్సు క్లబ్బులో ఇంగ్లండు క్లబ్బులో పదిహేను మంది రగ్బీ ఆడటానికి అతన్ని తీసుకుపోతాయి. ఆ క్లబ్బులిచ్చే జీతాన్ని ఫిజీ రగ్బీ సంఘం కలలో కూడా ఇవ్వలేదు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు అందరూ ఒకడి సంపాదన మీద ఆధారపడిన ఇళ్లవి. వెళ్లవద్దని ఎవరు చెప్పగలరు? కనుక ప్రతి రెండు మూడేళ్లకు జట్టు దాదాపు కొత్తగా కట్టుకోవలసి వస్తుంది. సైన్యం, పోలీసు, జైళ్ల శాఖల జట్ల నుంచి, పల్లెల్లో జరిగే సెవెన్స్ పోటీల నుంచి మళ్లీ కొత్తవాళ్లను వెతకాలి. ప్రతిభకు కొదవ లేదు గనుక వాళ్లు దొరుకుతారు. ఒక వారాంతం గెలవడానికి ఆ ప్రతిభ చాలు, సిరీస్ గెలవడానికి చాలదు.

ఆ నాలుగు సిరీస్‌లు ఎప్పుడు వచ్చాయో చూస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. 2005-06లో జట్టుకు ఆటగాడూ శిక్షకుడూ తానే అయి నడిపినవాడు వైసాలే సెరెవి. పెద్ద ఎత్తరి కాడు. కాని బంతి పట్టుకుని ఎదుటివాడి ముందు ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, వాడి బరువు ఏ కాలి మీద పడిందో చూసి, రెండో వైపుకు వెళ్లిపోయేవాడు. 2005 ప్రపంచ కప్ నాటికి అతనికి 36 ఏళ్లు దాటాయి, అయినా గెలుపు అతని చేతుల మీదుగానే వచ్చింది. 2014-15, 2015-16లలో శిక్షకుడు ఇంగ్లండు నుంచి వచ్చిన బెన్ రయాన్. 2018-19లో వేల్స్ నుంచి వచ్చిన గారెత్ బేబర్. జట్టును ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో నడిపించిన మనిషి ఉన్నప్పుడే సిరీస్ వచ్చింది. అలాంటి మనిషి లేనప్పుడు హాంకాంగ్ లాంటి ఒకటి రెండు ట్రోఫీలతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

రయాన్ కథ కొంచెం వివరంగా చెప్పుకోదగ్గది. 2013లో ఆయన ఫిజీ చేరేటప్పటికి అక్కడి రగ్బీ సంఘం ఆర్థిక పరిస్థితి అధ్వానంగా ఉంది. మొదటి కొన్ని నెలలు ఆయనకు జీతమే అందలేదు; 2014లో అంతర్జాతీయ రగ్బీ బోర్డు ఆ సంఘానికి నేరుగా ఇచ్చే నిధులను ఆపేసింది. ఆటగాళ్లకు నైపుణ్యం ఉంది గాని, రెండు రోజుల టోర్నమెంటులో ఆరో మ్యాచ్ చివరి రెండు నిమిషాలకు ఊపిరి మిగలడం లేదు. రెండో రోజు మధ్యాహ్నానికి కాళ్లు బరువెక్కితే ఎంతటి నైపుణ్యం ఉన్నా ఉపయోగం లేదని గ్రహించి, ఆయన తిండి, నిద్ర, పరుగు అనే మూడింటి మీద పడ్డాడు. సింగటోకా ఊరి దగ్గర సముద్రపు ఒడ్డున పెద్ద ఇసుక తిన్నెలున్నాయి. నిలువెత్తున లేచిన ఆ తిన్నెల మీదకు ఆటగాళ్లను పదే పదే పరుగెత్తించేవాడు. అడుగు వేస్తే పాదం సగం దిగబడిపోయే ఇసుకలో ఎగబాకడం అలవాటైన కాళ్లకు పచ్చిక మైదానం ఎంత తేలికో వేరే చెప్పాలా? సహజ ప్రతిభ అని పత్రికలు రాసే పరుగు వెనుక ఉన్న శ్రమ ఇది.

నాకు ఈ జట్టు మీద ఆసక్తి కలగడానికి కారణం ఆటకు సంబంధించినది కాదు, మా జిల్లా చరిత్రకు సంబంధించినది. చెరకు తోటల్లో పనిచేయడానికి భారతదేశం నుంచి ఫిజీకి గిర్మిట్ కూలీలను, అంటే ఒప్పందం మీద పనిచేసే కూలీలను, తీసుకెళ్లడం 1879లో మొదలైంది; 1903 నుంచి మద్రాసు రేవులో కూడా ఓడలెక్కించారు. మొత్తం వెళ్లిన సుమారు 60 వేల మందిలో దక్షిణాది వాళ్లు దాదాపు 15 వేలు. వాళ్లలో ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వెళ్లినవాళ్లు చెప్పుకోదగ్గంత మంది ఉన్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు, వాటితో పాటు మా తిరుపతి కూడా ఆ ఉత్తర ఆర్కాటులోనివే. 1920 జనవరి 1తో ఒప్పందాలన్నీ రద్దయ్యాయి గాని, చాలామంది అక్కడే ఉండిపోయారు. తాతల కాలంలో మా వైపు చెరకు నరికిన చేతులే అక్కడా చెరకు నరికాయి.

అలా వెళ్లిన ఒక కుటుంబం వారసులు 2017లో తిరుమల దర్శనానికి వచ్చినప్పుడు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఒకే కంపార్టుమెంటులో నా పక్కన కూర్చున్నారు. ఒక పెద్దావిడ, ఆమె కొడుకు, కోడలు, కళాశాలలో చదువుతున్న మనవడు. ఫిజీలోని లౌతోకాలో ఉంటారట. పెద్దావిడకు తెలుగు కొంచెం కొంచెం వచ్చు, "మీది ఏ ఊరు నాయనా?" అని ఆమే ముందు పలకరించారు. తిరుపతేనమ్మా అన్నాను. తన తాత ప్రయాణపు కాగితంలో జిల్లా పేరు ఉత్తర ఆర్కాటు అనీ తాలూకా చంద్రగిరి అనీ ఉందని, ఊరి పేరును మాత్రం ఇంగ్లీషు గుమాస్తా ఎలా రాశాడో ఎవరికీ అంతుపట్టడం లేదని చెప్పారు. గంటల తరబడి కూర్చోవలసిన చోట ఫోనులు కూడా లేవు గనుక మాటలు ఒకదాని వెంట ఒకటి సాగి, చివరికి రగ్బీ దగ్గర తేలాయి. భారత సంతతి వాళ్లు అక్కడ ఎక్కువగా ఫుట్‌బాల్ ఆడతారని, రగ్బీ జట్టులో వాళ్లు కనిపించడం అరుదని మనవడు చెప్పాడు. అయితే 2016లో రియో ఒలింపిక్స్‌లో స్వర్ణం వచ్చిన రోజు మాత్రం వాళ్ల వీధిలో ఎవరి ఇల్లు ఎవరిదో తెలియలేదట.

ఆ కుర్రవాడే నాకు ఆట చూడటం నేర్పాడు. దేవస్థానం వాళ్లు ఇచ్చిన పాలు తాగేశాక ఖాళీ కాగితపు కప్పులు ముందు పెట్టుకుని, రెండు కప్పులను బోర్లించి వీళ్లు అడ్డుకునేవాళ్లు అన్నాడు. మూడు కప్పులను వెల్లకిలా పెట్టి వీళ్లు మావాళ్లు అన్నాడు. బంతి ఉన్న కప్పును నేరుగా అడ్డుకునేవాడి మీదకు తోశాడు. "అంకుల్, అందరూ వీడినే చూస్తారు. మీరు వీడిని చూడొద్దు, వెనకాల ఈ రెండో కప్పును చూడండి" అన్నాడు. బంతి పట్టుకున్నవాడిని ఇద్దరు పట్టుకుని కింద పడేస్తున్నా, వాడు పడిపోతూనే ఒక చెయ్యి విడిపించుకుని బంతిని వెనక్కి అందిస్తాడు. దాన్నే ఆఫ్‌లోడ్ అంటారు. ఫిజీ ఆటకు ప్రాణం అది. కాని అందించేవాడి గొప్పతనం సగమే. అతను పడిపోకముందే, ఏ పక్కన చెయ్యి ఖాళీ అవుతుందో అంచనా వేసి అక్కడికి పరుగెత్తుకు వచ్చినవాడిది మిగతా సగం. వాడు రాకపోతే ఆ బంతి నేలపాలే. ఆ రోజు నుంచి నేను ఏ మ్యాచ్ చూసినా కళ్లు రెండో కప్పు మీదే ఉంటాయి. రియో పతకం జ్ఞాపకార్థం ఫిజీ రిజర్వు బ్యాంకు 2017లోనే విడుదల చేసిన 7 డాలర్ల నోటు ఒకటి ఆ కుర్రవాడి జేబులో ఉంది. బంతి పట్టుకున్న కెప్టెన్ ఒసియా కొలినిసౌ, శిక్షకుడు రయాన్ ఆ నోటు మీద ఉన్నారు. ఏడుకొండలవాడికి ఏడు డాలర్ల నోటు కన్నా తగిన కానుక ఏముంటుందని నాయనమ్మ పట్టుబడితే, పాపం, అయిష్టంగానే హుండీలో వేశాడు.

ఆ నోటుకు కారణమైన మ్యాచ్ 2016 ఆగస్టు 11న రియోలో జరిగింది. మనకు అప్పటికి మరుసటి రోజు తెల్లవారుజాము మూడున్నర. రగ్బీ సెవెన్స్ ఒలింపిక్స్‌లోకి రావడం అదే మొదటిసారి. ఆ ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను ఫిజీని అతలాకుతలం చేసి 44 మంది ప్రాణాలు తీసింది. పూల్ దశలో బ్రెజిల్, అర్జెంటీనా, అమెరికాలను, క్వార్టర్ ఫైనల్‌లో న్యూజీలాండ్‌ను 12-7తో, సెమీ ఫైనల్‌లో జపాన్‌ను 20-5తో ఓడించి ఫిజీ ఫైనల్ చేరింది. ఫైనల్లో ఎదుట ఉన్నది గ్రేట్ బ్రిటన్, 1970 వరకు ఫిజీని ఏలిన దేశం. మొదటి భాగం ముగిసేసరికి స్కోరు 29-0. కొలినిసౌ, జెరీ తువాయ్, జసా వెరెమలువా, లియోనే నకరావా, వతెమో రవోవో, ఒకరి తర్వాత ఒకరు అయిదు ట్రైలు చేశారు. పైన చెప్పిన నియమం ఇక్కడ గుర్తు చేసుకోవాలి: ప్రతి ట్రై తర్వాతా బంతి తన్నింది ఫిజీ, అందుకోవలసింది బ్రిటన్. అయినా బ్రిటన్ చేతిలో బంతి నిలవలేదు. నకరావా లాంటి నిలువెత్తు మనిషి గాలిలోకి లేస్తే ఆ బంతి ఎవరిది? చివరికి 43-7. ఫిజీ దేశానికి ఏ ఆటలోనైనా అదే తొలి ఒలింపిక్ పతకం. ఆటగాళ్లు గుండ్రంగా నిలబడి భక్తిగీతం పాడుకున్నారు. పతకాలు వేయడానికి వచ్చిన బ్రిటన్ రాకుమారి ఆన్ ముందు ఒక్కొక్కరూ మోకాలి మీద వంగి మెడ చాపారు. దేశం ఒక రోజు సెలవు ప్రకటించింది. రయాన్‌కు మూడెకరాల నేల, ఒక ఫిజీ పేరు బహూకరించారు.

టోక్యో కథ దీనికి పూర్తిగా భిన్నమైనది. కోవిడ్ కాలం గనుక ఆటగాళ్లు నెలల తరబడి కుటుంబాలకు దూరంగా శిబిరంలోనే ఉండిపోయారు. గడ్డకట్టించిన చేపలు మోసుకుపోయే సరుకు విమానంలో జపాన్ చేరారు. మొదటి మ్యాచ్‌లోనే ఆతిథ్య జట్టు జపాన్ వాళ్లను ముప్పుతిప్పలు పెట్టింది, 24-19తో గట్టెక్కారు. ఆ తర్వాత తేరుకుని 2021 జులై 28న ఫైనల్లో న్యూజీలాండ్‌ను 27-12తో ఓడించారు. రియో జట్టు నుంచి టోక్యోకు మిగిలిన ఒకే ఒక్కడు జెరీ తువాయ్, ఈసారి కెప్టెన్. సువా పట్టణం పక్కన పేదల బస్తీలో, ఖాళీ సీసానో గుడ్డల ఉండనో బంతిగా చేసుకుని ఆడుకుంటూ పెరిగినవాడు. పొట్టివాడని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2019లో ప్రపంచ ఉత్తమ సెవెన్స్ ఆటగాడయ్యాడు. పురుషుల సెవెన్స్‌లో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మొదటి వ్యక్తీ అతనే. అదే టోక్యోలో ఫిజీ మహిళల జట్టు బ్రిటన్‌ను 21-12తో ఓడించి కాంస్యం తెచ్చుకుంది. పురుషుల జట్టుకు అందే సదుపాయాల్లో కొద్దిపాటి వాటాతో ఆ అమ్మాయిలు సాధించిన ఆ పతకానికి తగినంత పేరు రాలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

2022లో రెండు నెలలైనా తిరగకముందే జరిగిన రెండు ఫైనల్స్ ఈ జట్టు స్వభావాన్ని పట్టి ఇస్తాయి. జులై ఆఖరున బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల ఫైనల్లో దక్షిణాఫ్రికా చేతిలో 31-7తో చిత్తుగా ఓడింది. సెప్టెంబరులో అదే దక్షిణాఫ్రికా గడ్డ మీద, కేప్‌టౌన్‌లో, బెన్ గోలింగ్స్ శిక్షణలో న్యూజీలాండ్‌ను 29-12తో ఓడించి మూడో ప్రపంచ కప్ ఎత్తింది. ఆ తర్వాత మళ్లీ జారుడు. 2023-24 సిరీస్‌లో ఒక్క టోర్నమెంటు కూడా గెలవలేదు. మధ్యలో గోలింగ్స్ జట్టును వదిలి వెళ్లిపోయి, రియో కెప్టెన్ కొలినిసౌ శిక్షకుడుగా వచ్చాడు. ఆ స్థితిలో పారిస్ వెళ్లి, పూల్ దశలో ఆతిథ్య ఫ్రాన్సును 19-12తో ఓడించి, సెమీస్‌లో ఆస్ట్రేలియాను 31-7తో చిత్తు చేసి మూడోసారి ఫైనల్ చేరడం మామూలు విషయం కాదు. రియోలో ఆరు, టోక్యోలో ఆరు, పారిస్‌లో అయిదు, మొత్తం ఒలింపిక్స్‌లో వరుసగా 17 విజయాలు.

2024 జులై 27 రాత్రి పదకొండుంపావుకు మొదలైన ఆ ఫైనల్ నేను చూశాను, ఎదుట ఉన్నది మళ్లీ ఫ్రాన్సే. విరామానికి స్కోరు 7-7. అంతవరకు బల్ల మీద కూర్చున్న ఫ్రాన్సు ఆటగాడు ఆంత్వాన్ దుపోం రెండో భాగం మొదట్లో మైదానంలోకి వచ్చాడు. పదిహేను మంది రగ్బీలో ప్రపంచంలోనే పేరుమోసిన ఆటగాడు, ఒలింపిక్స్ కోసమే ఆ ఏడు సెవెన్స్ నేర్చుకున్నవాడు. వచ్చీ రాగానే ఎడమ అంచున దూసుకుపోయి ఒక ట్రైకి బంతి అందించాడు, ఆ తర్వాత తానే రెండు ట్రైలు చేశాడు. 28-7తో ఫ్రాన్సు గెలిచింది. నా కళ్లు అలవాటు ప్రకారం ఫిజీ రెండో కప్పు కోసం వెతికాయి. బంతి పట్టుకున్నవాడు పడిపోతున్నాడు, చెయ్యి విడిపిస్తున్నాడు, అక్కడ అందుకునే మనిషి ఒక అడుగు ఆలస్యంగా వస్తున్నాడు. ఆ ఒక్క అడుగు సింగటోకా ఇసుకలో సంపాదించుకోవలసిన అడుగు. ఏడాది పొడవునా ఓడిపోతూ, ఆఖరి నెలల్లో శిక్షకుడు మారిన జట్టుకు అది లేకపోవడంలో వింతేమీ లేదు. మర్నాడు కొన్ని చోట్ల ఫ్రాన్సు ప్రేక్షకుల హోరుకు ఫిజీ బెదిరిందని రాశారు. ఆ మాట నాకు ఒప్పుదల కాదు. రెండు రోజుల క్రితం అదే హోరులో వాళ్లు అదే జట్టును ఓడించారు.

ఈ రికార్డులో పూడని ఒక ఖాళీ ఉంది, అది కామన్‌వెల్త్ స్వర్ణం. 1998లో కౌలాలంపూర్‌లో, 2002లో మాంచెస్టర్‌లో, 2018లో గోల్డ్‌కోస్ట్‌లో ఫైనల్ దాకా వచ్చి మూడుసార్లూ న్యూజీలాండ్ చేతిలోనే ఓడింది. నాలుగో ఫైనల్ బర్మింగ్‌హామ్‌ది. 2006లో మెల్‌బోర్న్‌లో కాంస్యంతో సరిపెట్టుకుంది. 2010లో క్రీడలు మన ఢిల్లీలో జరిగినప్పుడైతే ఫిజీ రానే లేదు. 2006 సైనిక తిరుగుబాటు తర్వాత ఎన్నికలు జరపలేదన్న కారణంతో 2009 సెప్టెంబరులో ఆ దేశాన్ని కామన్‌వెల్త్ నుంచి సస్పెండ్ చేశారు. ఢిల్లీ విశ్వవిద్యాలయ మైదానంలో జరిగిన ఫైనల్లో న్యూజీలాండ్ ఆస్ట్రేలియాను 24-17తో ఓడించింది. ఆతిథ్య దేశం హోదాలో మనవాళ్లూ ఆడారు. సెరెవి తరం కాకపోయినా, ఆ తరం చేతుల్లో పెరిగిన ఆటగాళ్లను మన నేల మీద చూసే అవకాశం అలా చేజారింది.

ఇటీవల పరిస్థితి కొంత మారింది. సెరెవి భారత సెవెన్స్ జట్టుకు శిక్షకుడుగా పనిచేశారు. 2025 జూన్‌లో ముంబయిలో జరిగిన మొదటి రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో ఆరు జట్లు ఆడాయి. వాటిలో హైదరాబాద్ హీరోస్ పేరుతో మనదీ ఒకటి ఉంది, ట్రోఫీ మాత్రం చెన్నై బుల్స్ ఎగరేసుకుపోయింది. ఫిజీ ఆటగాళ్లు మనవాళ్లతో కలిసి ఒకే జట్టులో ఆడటం అందులో చూశాము. మన కుర్రవాళ్లకు పరుగు ఉంది, కబడ్డీ వల్ల పట్టు కూడా తెలుసు. ఇంకా రానిది ఆ రెండో కప్పు విద్యే. పట్టుబడినవాడు కింద పడ్డాక గాని పక్కవాడు కదలడం లేదు. మా వైపు కళాశాలల్లో ఈ ఆట ఆడించేవారు తక్కువ, ఉన్న మైదానాల్లో ముందు వాటా క్రికెట్‌ది.

కామన్‌వెల్త్ స్వర్ణం ముచ్చట ఫిజీకి ఇప్పట్లో తీరేలా లేదు. 2026 గ్లాస్గో క్రీడలను పది ఆటలకే కుదించారు, అందులో రగ్బీ సెవెన్స్ లేదు. 2030 క్రీడలు మన అహ్మదాబాదులో జరుగుతాయి. ఆ జాబితాలో సెవెన్స్‌కు చోటు దక్కితే, ఢిల్లీకి రాలేకపోయిన జట్టు ఇరవై ఏళ్ల తర్వాత మన దేశానికి వస్తుంది. లౌతోకా కుర్రవాడికి ఈ సంగతి ఈమెయిలులో రాశాను. తాను వస్తానని, నాయనమ్మ తాత ఊరిని కూడా ఈసారి వెతుకుదామని, చంద్రగిరి తాలూకా పాత గ్రామాల జాబితా దొరుకుతుందేమో ముందుగా కనుక్కుని ఉంచమని జవాబు రాశాడు.